నడిమి లెవెల్: పేలిన నక్షత్రాల్లో ఎలక్ట్రాన్ల పరుగును పరారుణంలో వెతకడం

2007లో కోలారు జిల్లాను చీల్చి చిక్కబళ్లాపురాన్ని వేరే జిల్లా చేశారు. ఖగోళశాస్త్రానికి దానివల్ల పోయిందేమీ లేదు, నాబోటి వాళ్లు రాసుకోవడానికి పనికొచ్చే ఒక వాక్యం తప్ప. అంతకుముందైతే "విశ్వకిరణాల కథకు ఇటు కొసా అటు కొసా కోలారు జిల్లాలోనే ఉన్నాయి" అని నిబ్బరంగా రాసేయొచ్చు.

ఇటు కొస గౌరిబిదనూరు. హిందూపురానికి పక్కనే ఉన్న ఊరు, బజారులో కన్నడంతో పాటు తెలుగూ చెవినపడే ఊరు. దాని దాపున 1970లలో ఇంగ్లిషు 'టీ' అక్షరం ఆకారంలో వెయ్యి డైపోల్ యాంటెనాలు నాటారు. దూరం నుంచి చూస్తే బట్టలారేసుకునే తీగల్లా ఉంటాయి. 34.5 మెగాహెర్ట్జ్ దగ్గర, అంటే దాదాపు 8.7 మీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర అవి ఆకాశాన్ని వినేవి. సీహెచ్. వి. శాస్త్రి, కె. ఎస్. ద్వారకానాథ్, ఆర్. కె. శెవ్‌గాంవ్‌కర్ 1980ల మొదట్లో ఆ తీగలతోనే సిగ్నస్ లూప్, హెచ్‌బీ 9, ఐసీ 443 అనే మూడు సూపర్నోవా అవశేషాలను, అంటే పేలిన నక్షత్రాల శిథిలాలను పరిశీలించారు. అంత పొడుగాటి అలలు పుట్టేది, అయస్కాంత క్షేత్రంలో మెలికలు తిరుగుతూ పరుగెత్తే ఎలక్ట్రాన్ల నుంచి. వాటి శక్తి ఇంచుమించు ఒక జీఈవీ, లేదా అంతకు తక్కువ. (ఒక ప్రోటాన్ ద్రవ్యరాశిని మొత్తం శక్తిగా మారిస్తే వచ్చేది దాదాపు ఒక జీఈవీ. వెయ్యి జీఈవీలు ఒక టీఈవీ. ఈ వ్యాసానికి ఈ రెండు కొలతలు చాలు.)

అటు కొస కోలారు బంగారు గనులు. కేజీఎఫ్ అంటే ఇప్పటి కుర్రాళ్లకు సినిమా. ఇంకాస్త పెద్దవాళ్లకు ఊర్గాం, మారికుప్పం, రాబర్ట్‌సన్‌పేట, బూడిదరంగు సైనైడ్ దిబ్బలు, బంగారుపేట నుంచి వచ్చే చిన్న రైలు. భౌతికశాస్త్రం చదివినవాళ్లకు మాత్రం చాంపియన్ రీఫ్ గనిలో హీత్‌కోట్ షాఫ్ట్, నేలకు 2.3 కిలోమీటర్ల దిగువ. అంత రాతిని చీల్చుకుని అక్కడికి చేరాలంటే మ్యువాన్ అనే కణం నేల మీద బయలుదేరేటప్పుడే కొన్ని టీఈవీల శక్తితో ఉండాలి. దానికి తల్లి అయిన విశ్వకిరణానికి, అంటే అంతరిక్షం నుంచి వచ్చిన కణానికి, ఇంకా చాలా ఎక్కువ ఉండాలి.

ఒక కొస జీఈవీ. మరో కొస ఎన్నో టీఈవీలు. ఈ రెంటి నడుమ వందల జీఈవీల మేర ఒక ఖాళీ చాలా ఏళ్లు అలాగే ఉండిపోయింది. సూపర్నోవా అవశేషాల్లో ఆ నడిమి శక్తి ఉన్న ఎలక్ట్రాన్లు వెలిగేది పరారుణంలో. అక్కడ ఇప్పటిదాకా ఏం దొరికింది, దొరికిందంటున్నదాన్ని ఎంతవరకు నమ్మొచ్చు అన్నదే ఈ సమీక్ష.

లోతే జల్లెడ

పరారుణానికి పోయేముందు గనిలో కాసేపు ఆగాలి. అక్కడ నేర్చుకున్న తీసివేత లెక్కే తర్వాత పనికొస్తుంది.

హోమీ భాభా ప్రోద్బలంతో బి. వి. శ్రీకంతన్ 1951లో కేజీఎఫ్‌లో మ్యువాన్లను లెక్కపెట్టడం మొదలుపెట్టారు. పద్ధతి చెప్పడానికి తేలిక. ఒక లెవెల్‌లో కౌంటర్లు పెట్టు, లెక్కించు. కేజ్ ఎక్కి ఇంకో లెవెల్‌కు దిగు, మళ్లీ లెక్కించు. నేల మీద అరచెయ్యి చాస్తే నిమిషానికి దాదాపు వంద మ్యువాన్లు దాన్ని దాటిపోతాయి. దిగేకొద్దీ నీరసమైనవి రాతిలో ఇంకిపోతాయి, గట్టివే మిగులుతాయి. ఏ లెవెల్‌లో ఎన్ని మిగిలాయో రాసుకుంటూ పోతే ఏ శక్తి గలవి ఎన్ని వస్తున్నాయో తేలుతుంది. వేరే జల్లెడ అక్కర్లేదు, రాయే జల్లెడ. కోలారు రాయి మామూలు రాయికంటే బరువు కూడాను: 2.3 కిలోమీటర్ల రాయి దాదాపు 7 కిలోమీటర్ల నీటితో సమానం.

1960ల మొదట్లో మియాకే, వి. ఎస్. నరసింహం, పి. వి. రమణమూర్తి 2,760 మీటర్ల దాకా దిగారు. రెండు నెలలు కాచుకుని కూర్చున్నారు. ఒక్క మ్యువాన్ కూడా రాలేదు. ఇంకొకరైతే పరికరం చెడిపోయిందనుకునేవారు. వీళ్లు ఆ సున్నాలోనే అసలు విషయం పట్టుకున్నారు. మ్యువాన్ల గోల ఇంతగా అణగిపోయిన చోట, రాతిని లెక్కచెయ్యని న్యూట్రినో వచ్చి ఎప్పుడైనా ఒక మ్యువాన్‌ను పుట్టిస్తే అది తప్పక కనబడుతుంది. టాటా మౌలిక పరిశోధన సంస్థ (టీఐఎఫ్ఆర్), ఒసాకా సిటీ విశ్వవిద్యాలయం, ఇంగ్లండులోని డరమ్ విశ్వవిద్యాలయం చేతులు కలిపాయి. హీత్‌కోట్ షాఫ్ట్ దగ్గర కణం తగిలితే మెరిసే ఫలకాలను గోడల్లా నిలబెట్టి, మధ్యలో నియాన్ నింపిన సన్నటి గాజు గొట్టాలు పేర్చారు. కణం దాటగానే గొట్టాలకు అధిక వోల్టేజి అందుతుంది. కణం ఏ గొట్టాల గుండా పోయిందో అవే ఎర్రగా వెలుగుతాయి, కెమెరా ఫొటో తీస్తుంది. ఫలకాలు అడ్డంగా పరచకుండా నిలువుగా పెట్టడంలోనే కిటుకు ఉంది: నెత్తిమీది నుంచి పడేవి మామూలు మ్యువాన్లు, పక్కవాటుగా వచ్చేవి న్యూట్రినో పుట్టించినవి.

1965 ఆగస్టు 15న ఆ ఫలితం అచ్చయింది. మేనన్, శ్రీకంతన్, రమణమూర్తి, నరసింహం, ఆచార్, మియాకే, వుల్ఫెన్‌డేల్ తదితరుల పేర్లున్న పత్రం అది. వాతావరణంలో పుట్టిన న్యూట్రినోను పట్టామని ప్రపంచంలో మొదట ప్రకటించింది వాళ్లే. దక్షిణాఫ్రికా బంగారు గనిలో రైన్స్ బృందానికి ఘటన ముందే దొరికినా పత్రం రెండు వారాలు వెనకబడింది. ఈ ముందువెనకల తగవు నాకు పెద్దగా రుచించదు. రెండూ బంగారు గనులు కావడం, రెండు చోట్లా పనివాళ్ల చెమట మీద తవ్విన సొరంగాలే సైన్సుకు దొరకడం ఎక్కువ ఆలోచించదగ్గ సంగతి.

రమణమూర్తి, వుల్ఫెన్‌డేల్ తర్వాతి కాలంలో కలిసి గామా కిరణ ఖగోళశాస్త్రం మీద ఒక పుస్తకం రాశారు. కేంబ్రిడ్జి వాళ్లు అచ్చేశారు. పాతాళంలో కణాలను లెక్కపెట్టినవాళ్లు ఆకాశం వైపు ఎందుకు తిరిగారు? ఆ కణాలు ఎక్కడివన్న ప్రశ్న గనిలో తేలదు కనుక.

రూపాయిన్నర వడ్డీ

విశ్వకిరణం వచ్చిన దిక్కు చూసి దాని ఊరు చెప్పలేం. అది విద్యుదావేశం గల కణం, పాలపుంతలోని అయస్కాంత క్షేత్రాల్లో దారి తప్పి తప్పి వస్తుంది. 1934లో బాడే, జ్విక్కీ సూపర్నోవాల పేరు చెప్పారు. వాళ్ల వాదనలో నిలిచినది ఖర్చుల లెక్క. పాలపుంతలో వందేళ్లకు రెండో మూడో నక్షత్రాలు పేలతాయి. ఆ పేలుళ్ల శక్తిలో పదో వంతు కణాలకు అందితే, విశ్వకిరణాలు తరిగిపోకుండా నిలబెట్టడానికి సరిపోతుంది. కానీ లెక్క సరిపోయినంత మాత్రాన దొంగ దొరికినట్టు కాదు.

శక్తి ఎలా అందుతుందన్నదానికి జవాబు 1977, 78లలో నాలుగు చోట్ల దాదాపు ఒకేసారి వచ్చింది. రష్యాలో క్రిమ్‌స్కీ, తర్వాత యాక్స్‌ఫర్డ్, లీర్, స్కాడ్రన్ అనే ముగ్గురు, ఇంగ్లండులో బెల్, ఇంకా బ్లాండ్‌ఫర్డ్, ఆస్ట్రైకర్. పేలిన నక్షత్రపు పదార్థం సెకనుకు వేల కిలోమీటర్ల వేగంతో చుట్టూ ఉన్న వాయువును తోసుకుపోతుంటే ముందు ఒక అఘాత తరంగం నడుస్తుంది. ఎలక్ట్రానో ప్రోటానో ఆ తరంగాన్ని ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు దాటుతూ ఉంటుంది. దాటి వచ్చిన ప్రతిసారీ కాస్త శక్తి పుంజుకుంటుంది.

దీన్ని బడిలో రెండు బ్యాట్ల మధ్య బంతితో చెబుతారు. మనకు చక్రవడ్డీ ఇంకా బాగా అర్థమవుతుంది. తరంగం వేగం సెకనుకు 5,000 కిలోమీటర్లు అనుకుందాం. ఒక్కో తిప్పుకు కణానికి వచ్చే లాభం, తరంగం వేగాన్ని కాంతి వేగంతో భాగిస్తే ఎంతో అంత. అంటే నూటికి ఒకటిన్నర పైచిల్లర. ఊళ్లో చెప్పే భాషలో రూపాయిన్నర వడ్డీ. చూడ్డానికి తక్కువే, కానీ వడ్డీకి వడ్డీ పడుతూ వేల తిప్పులు తిరిగితే అసలు గుర్తుపట్టలేనంత అవుతుంది. అయితే ప్రతి తిప్పులోనూ కొన్ని కణాలు వాయువుతో కొట్టుకుపోయి ఆటలోంచి తప్పుకుంటాయి. బలమైన అఘాతంలో అలా తప్పుకునేవి కూడా సరిగ్గా అదే శాతం, నూటికి ఒకటిన్నర పైచిల్లర. వడ్డీ రేటూ మానేసేవాళ్ల రేటూ సమానమైతే చివరికి తేలేది ఒక్కటే వాలు: శక్తి పది రెట్లయితే, ఆ శక్తి దగ్గర కణాల సాంద్రత వందో వంతు, అంటే వాలు 2. తరంగం వేగం మారినా ఈ వాలు మారదు. ఈ సిద్ధాంతంలో నాకు అన్నిటికంటే అందంగా కనబడేది ఇదే, అన్నిటికంటే అనుమానం కలిగించేది కూడా. ఏ వివరమూ పట్టించుకోకుండా అంత గుండ్రంగా 2 అనే అంకె వచ్చిందంటే, ఎక్కడో ఏదో వదిలేశారన్నమాట.

వదిలేసిందేమిటో రేడియో దూరదర్శినులు చెప్పాయి. ఎలక్ట్రాన్ల వాలు 2 అయితే రేడియో వర్ణపటపు వాలు 0.5 రావాలి. కాసియోపియా ఏ అనే అవశేషానికి వచ్చింది 0.77. ఇది మనకు 11,000 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది, దాని పేలుడు వెలుగు మనకు చేరి మూడున్నర శతాబ్దాలు కావస్తోంది. రేడియో ఆకాశంలో సూర్యుణ్ని మినహాయిస్తే అంత ప్రకాశించేవి బహు తక్కువ. అంత ప్రకాశమైనదానిలోనే లెక్క తప్పుతోందంటే కొలతలో పొరపాటనడానికి లేదు.

సిద్ధాంతకర్తలు చెప్పిన సవరణ ఇది. కణాలు బాగా బలిశాక ఊరుకోవు, వాయువును ముందుగానే తోస్తాయి. అప్పుడు అఘాతం నిట్టనిలువు గోడలా ఉండదు, ముందు ఒక వాలుతిన్నె ఏర్పడుతుంది. తక్కువ శక్తి గల ఎలక్ట్రాన్ దూరం పోలేదు, తిన్నె చివర ఉన్న చిన్న గట్టునే ఎక్కిదిగుతుంది. దానికి వడ్డీ తక్కువ. ఎక్కువ శక్తి గలది తిన్నెంతా దాటి పెద్ద ఎత్తు చూస్తుంది. దానికి వడ్డీ ఎక్కువ. డబ్బున్నవాడికే ఎక్కువ వడ్డీ అన్నమాట, ఇందులో మనకు కొత్తేముంది! ఫలితంగా వర్ణపటం గీత తిన్నగా ఉండకుండా తక్కువ శక్తి దగ్గర నిటారుగా దిగి, పైకి పోయేకొద్దీ చదును కావాలి.

చదును అవుతోందా లేదా అన్నది ఎక్కడ చూడాలి? రేడియోలో చూడలేం, అది ఒకటి రెండు జీఈవీల ఎలక్ట్రాన్ల వెలుగు. ఎక్స్‌రేలలో చూడలేం, అది పది టీఈవీలు దాటినవాటిది. ఆ స్థాయి ఎలక్ట్రాన్లు వెలుగు వెదజల్లుతూ దాదాపు పదేళ్లలో శక్తి పోగొట్టుకుంటాయి కనుక అక్కడ గీత ఎలాగూ విరిగిపోతుంది. కాసియోపియా ఏలో ఉన్నంత అయస్కాంత క్షేత్రంలో, 2 నుంచి 4 మైక్రాన్ల పరారుణ కాంతి 100 నుంచి 250 జీఈవీల ఎలక్ట్రాన్లది. అవి వందల ఏళ్లు నిలుస్తాయి. పుట్టినప్పటి వాలును చెరగకుండా మోసుకొస్తాయి. పై లెవెల్‌లోనూ అట్టడుగునా తవ్వి నడిమి లెవెల్‌ను ముట్టకుండా వదిలిన గనిలాంటిది 2000 దాకా ఈ రంగం.

రాయి కూడా వెలుగుతుంది

వదిలెయ్యడానికి కారణం బద్ధకం కాదు. పరారుణంలో ప్రతిదీ మాట్లాడుతుంది.

చాంపియన్ రీఫ్ అట్టడుగున రాయి వేడి 60 డిగ్రీల సెల్సియస్ పైమాటే. చీకట్లో చేత్తో తాకితే తెలిసే ఆ వేడి, 8.6 మైక్రాన్ల దగ్గర గరిష్ఠంగా వెలిగే పరారుణ కాంతి. దాని ముందు నిలబడ్డ మనిషి ఒళ్లు 9.4 మైక్రాన్ల దగ్గర వెలుగుతుంది. అక్కడ పరారుణ కళ్లున్నవాడికి చీకటన్నదే ఉండదు. అవశేషాల్లోనూ అంతే. పేలుడులో పుట్టిన ధూళి అఘాతం వల్ల వేడెక్కి పదుల మైక్రాన్ల దగ్గర భగభగలాడుతుంది. ఇనుము, సిలికాన్, ఆర్గాన్ పరమాణువులు తమ తమ గీతల దగ్గర వెలుగుతాయి. కార్బన్ మోనాక్సైడ్ అణువులు 4.6 మైక్రాన్ల చుట్టుపక్కల. అయస్కాంత క్షేత్రంలో మెలికలు తిరిగే ఎలక్ట్రాన్ల కాంతి, అంటే సింక్రోట్రాన్ కాంతి, వీటన్నిటి కింద పలచగా పరుచుకుని ఉంటుంది, సంతలో ఎవరో సన్నగా కూనిరాగం తీస్తున్నట్టు.

కాబట్టి ఇక్కడా పని తీసివేతే. కేజీఎఫ్‌లో మ్యువాన్లను రాయి తీసేసింది. పరారుణంలో ఆ రాయి లేదు, తీసివేత మనమే చెయ్యాలి, సరిగ్గా చేశామో లేదో రుజువూ మనమే చూపాలి.

ఆ రుజువు మొదట గట్టిగా దొరికింది 2003లో. ఆ ఏడాది రో బృందం 2.2 మైక్రాన్ల దగ్గర కాసియోపియా ఏను చిత్రించి, గీతల వెలుగు పోగా మిగిలిన పలచటి వెలుగు రేడియో పటం పోలికలోనే ఉందని చూపింది. ఆకారం పోలిందన్నది మంచి సాక్ష్యమే కానీ, వకీలు ఎదురు ప్రశ్న వేస్తే తడబడే సాక్ష్యం. ధూళి కూడా అదే గుల్ల ఆకారంలో ఉండొచ్చు కదా. జోన్స్, రుడ్నిక్ తదితరులు అదే ఏడాది వేరే గుర్తు పట్టుకున్నారు. సింక్రోట్రాన్ కాంతి ధ్రువితమై వస్తుంది, అంటే దాని కంపనం అయస్కాంత క్షేత్రాన్ని బట్టి ఒక దిక్కుకు ఒరిగి ఉంటుంది. 2.2 మైక్రాన్ల దగ్గర వాళ్లు కొలిచిన ఒరుగు, 6 సెంటీమీటర్ల రేడియోలో తెలిసిన ఒరుగుతో కోణంలోనూ పాళ్లలోనూ సరిపోయింది. ఒకే ప్లాస్మా రెండు చోట్లా వెలుగుతోందని అంతకంటే సూటిగా చెప్పడం కష్టం. 150 జీఈవీల ఎలక్ట్రాన్లు అక్కడ ఉన్నాయని నమ్మకంగా అనగలిగింది అప్పటి నుంచే. నా లెక్కలో ఈ రంగంలో అన్నిటికంటే గట్టి పత్రం ఇప్పటికీ అదే, తర్వాత వచ్చినవాటికి ఎంత మెరుగైన దూరదర్శినులున్నా సరే.

ఆ ఏడాదే ఇంకో మూల తగువు పుట్టింది. డన్ బృందం 850 మైక్రాన్ల దగ్గర సింక్రోట్రాన్ కాంతిని తీసేసి, మిగిలింది చల్లటి ధూళి అనీ అది సూర్యుడి ద్రవ్యరాశికి రెండు నుంచి నాలుగు రెట్లనీ ప్రకటించింది. మరుసటి ఏడు క్రౌజ్ బృందం స్పిట్జర్ దూరదర్శినితో చూసి, అందులో అధిక భాగం ఆ అవశేషానిది కాదు, దారిలో అడ్డొచ్చిన మేఘానిది అంది. తర్వాత హెర్షెల్ దూరదర్శిని సమాచారంతో 2017లో వచ్చిన అంచనా సూర్యుడిలో సగం దరిదాపుల్లోనే ఆగింది. ఈ గొడవలో ఎలక్ట్రాన్ల వెలుగు తీసిపారేసే తుక్కు, ధూళే సరుకు. మన పనిలో సరిగ్గా తలకిందులు. కేజీఎఫ్ సైనైడ్ దిబ్బలను చూసినవాళ్లకు ఇది వింత కాదు: ఒక తరం పిండి పారేసిన మట్టిలోనే తర్వాతి తరం బంగారం కోసం లెక్కలు వేసుకుంది. అయితే ఒకరి తుక్కు లెక్క తప్పితే ఇంకొకరి సరుకు లెక్క కూడా తప్పుతుందన్నది మరిచిపోకూడదు.

తీసివేత సులువుగా కుదిరే కిటికీ చాలా ఇరుకు. తరంగదైర్ఘ్యం పెంచితే ధూళి మింగేస్తుంది. తగ్గిస్తే దారిలోని అంతర్నక్షత్ర ధూళి కాంతిని అడ్డుకుంటుంది, ఎంత అడ్డుకుందో సవరించడంలోనే సగం తప్పులు. 3.6 మైక్రాన్లు ఈ రెంటికీ మధ్యన కాస్త ఊపిరాడే చోటు. డొమ్‌చెక్ బృందం 2021లో స్పిట్జర్ పాత 3.6 మైక్రాన్ల చిత్రాన్నీ 4.72 గిగాహెర్ట్జ్ రేడియో పటాన్నీ పక్కపక్కన పెట్టి, అవశేషం మొత్తానికీ చోటు చోటునా వాలు కట్టింది. రేడియోలో 0.77 ఉన్న వాలు, రేడియో నుంచి పరారుణానికి వచ్చేసరికి 0.5 నుంచి 0.7 మధ్యకు తగ్గింది. అంటే గీత చదునవుతోంది. ఇటీవల త్వరణం జరుగుతున్న చోట్లనే ఎక్కువ చదును. బలిసిన కణాలు తమ అఘాతాన్ని తామే మలుచుకుంటాయన్న మాటకు ఇంతకంటే నేరైన మద్దతు నాకు తెలిసి లేదు.

ఇదంతా కాసియోపియా ఏ గురించే అన్నది గమనించే ఉంటారు. ఈ రంగానికి ఉన్న పెద్ద లోటు అదే. ఒక్క అవశేషం మీద కట్టిన ఇల్లు ఇది.

మిగతావి ఎందుకు కావు

క్రాబ్ నెబ్యులా ఉంది కదా అనొచ్చు. 1054లో పేలిన నక్షత్రం, సింక్రోట్రాన్ కాంతికి బడిపుస్తకపు ఉదాహరణ. ఆ కాంతి సింక్రోట్రాన్‌దని 1953లో ష్క్లోవ్‌స్కీ ఊహిస్తే, మరుసటి ఏడే ధ్రువణం కొలిచి రుజువు చేశారు. అక్కడ పరారుణం నిజంగానే కీలకం. రేడియోలో 0.3 ఉన్న వాలు పరారుణం ప్రాంతంలోనే వంగి నిటారు అవుతుంది. స్పిట్జర్‌తో 2006లో తెమిమ్ బృందం గీసిన పటంలో నడుమ నుంచి అంచులకు పోయేకొద్దీ వాలు పెరగడం కనబడింది: ఎలక్ట్రాన్లు నడుమ పుట్టి బయటికి పోతూ చల్లారుతున్నాయి. కానీ క్రాబ్‌లో ఎలక్ట్రాన్లను తరిమేది నడుమ గిరగిర తిరిగే శిథిల నక్షత్రం, అంటే పల్సార్, నుంచి వీచే గాలి, పేలుడు అఘాతం కాదు. ఊరు అదే, ఇల్లు వేరు. రెంటినీ ఒకే పట్టికలో కలిపేసే సమీక్షలు చూశాను, అది చదివేవాళ్లను తప్పుదారి పట్టించడమే.

ఎస్ఎన్ 1006 అనే అవశేషంలో ఎలక్ట్రాన్లు 100 టీఈవీల దాకా చేరాయని 1995లో జపాన్ ఉపగ్రహం ఆస్కా ఎక్స్‌రేలలో చూపింది. అది అడుగు లెవెల్ సంగతి.

గౌరిబిదనూరు తీగలకు దొరికిన ఐసీ 443 మాటేమిటి? పరారుణంలో అది ఎంతో అందమైన వస్తువు. కానీ ఆ అందమంతా అఘాతం తగిలి వెలుగుతున్న హైడ్రోజన్ అణువులదీ ధూళిదీను. అఘాతం వేల ఏళ్లలో నెమ్మదించింది, వడ్డీ రేటు పడిపోయింది, నడిమి లెవెల్ ఎలక్ట్రాన్ల వెలుగును ఆ గోలలోంచి వేరుచేసే ఆశ తక్కువ. ఆ అవశేషం ఇంకో విధంగా పేరు తెచ్చుకుంది. 2013లో ఫెర్మీ గామా దూరదర్శిని బృందం ఐసీ 443లోనూ డబ్ల్యూ 44 అనే మరో అవశేషంలోనూ, ప్రోటాన్లు వాయువును ఢీకొంటే తప్ప రాని గామా వర్ణపటాన్ని చూపించింది. విశ్వకిరణాల్లో అధిక భాగం ప్రోటాన్లే, ఎలక్ట్రాన్లు నూటికి ఒకటి లెక్కన. పరారుణంలో మనం ఇంత శ్రమపడి చూస్తున్నది ఆ ఒకటినే. అఘాతం తీరు రెంటికీ ఒకటే కనుక ఎలక్ట్రాన్ చెప్పిన మాట ప్రోటాన్‌కూ వర్తిస్తుందన్నది మనం వేసుకున్న ఊహ. సబబైన ఊహే, కానీ ఊహ.

ప్రోటాన్ల వైపు నుంచి మన దగ్గరే ఒక చురక ఉంది. ఊటీలోని గ్రేప్స్-3 విశ్వకిరణ ప్రయోగంలో ఆరు మీటర్ల పొడవైన చతురస్రపు ఉక్కు గొట్టాలు 3,712 పేర్చి మ్యువాన్లను లెక్కిస్తారు. కేజీఎఫ్ పాతాళంలో ప్రోటాన్ విచ్ఛిన్నం కోసం 1980 నుంచి నడిపిన ప్రయోగంలో వాడిన తరహా కౌంటర్లే అవి. అప్పట్లో 140 టన్నుల ఇనప పలకల మధ్య 34 వరుసల్లో పేర్చారు.    గ్రేప్స్-3 బృందం 2024లో విశ్వకిరణ ప్రోటాన్ల గీత 166 టీఈవీల దగ్గర చదునవుతోందని ప్రకటించింది. గీత ఒక్క వాలుతో తిన్నగా పోతుందన్న పాత నమ్మకానికి ఇదీ ఒక దెబ్బ. అవశేషం లోపలి చదునుకూ, మన దాకా వచ్చాక కనబడే చదునుకూ మధ్య పాలపుంతంత దూరం ఉంది కనుక రెంటినీ ముడిపెట్టేయాలన్న ఉబలాటాన్ని ఆపుకుంటున్నాను.

ఇక పరారుణానికి వస్తే, మన దగ్గర ఆ పరిశీలనలు లేక కాదు. టీఐఎఫ్ఆర్ మీటరు వెడల్పు దూరదర్శినిని హైదరాబాద్ బెలూన్ కేంద్రం నుంచి ఎన్నోసార్లు 30 కిలోమీటర్ల ఎత్తుకు పంపింది. అందులోని బోలోమీటర్లను పరమశూన్యానికి 0.3 డిగ్రీల దగ్గరగా చల్లార్చేవారు, దూరదర్శిని సొంత వేడే గోల కాబట్టి. పని ముగిశాక అది పారాచూట్‌తో ఎవరి చేలోనో దిగేది. ఆ దూరదర్శిని చూసింది వంద మైక్రాన్లు దాటిన కాంతిని, నక్షత్రాలు పుట్టే మేఘాలను. మన ఎలక్ట్రాన్ల కిటికీ అది కాదు.

ఆగ్నేయ మూల

మళ్లీ కాసియోపియా ఏకే వస్తాను, ఎందుకంటే తేలని చిక్కు అక్కడే ఉంది. డొమ్‌చెక్ బృందం 2021 పటంలో ఆగ్నేయం వైపు ఒక ముక్క మిగతాదానికంటే నిటారుగా, 0.67 దగ్గర ఉంది. రెండు కారణాలు చెప్పొచ్చు. అక్కడి అఘాతం వేరేలా పనిచేసి ఉండాలి. లేదా అక్కడి ఎలక్ట్రాన్లు ముసలివై చల్లారి ఉండాలి. రెండోదైతే మనకు లాభం: అవి చల్లారడానికి ఎంత అయస్కాంత క్షేత్రం కావాలో లెక్క కట్టొచ్చు. క్షేత్రం ఒక మిల్లీగాస్ అయితే 200 జీఈవీల ఎలక్ట్రాన్ దాదాపు 60 ఏళ్లలో సగం శక్తి పోగొట్టుకుంటుంది. ఆ లెక్కను తిరగేసి, ప్లాస్మా వయసు వందేళ్లయితే క్షేత్రం 2 మిల్లీగాస్‌కు మించదనీ, అవశేషం వయసంతా అయితే ఒక మిల్లీగాస్‌కు మించదనీ ఆ బృందం హద్దులు గీసింది.

రెండు తరంగదైర్ఘ్యాల మధ్య కట్టిన వాలుతో ఈ తగువు తెగదు. రెండు చుక్కల మధ్య గీత ఎప్పుడూ తిన్నగానే ఉంటుంది. వంపు తెలియాలంటే మూడో చుక్క కావాలి, అదీ పరారుణంలోనే. జేమ్స్ వెబ్ దూరదర్శిని 1.62, 3.56, 4.44 మైక్రాన్ల దగ్గర తీసిన చిత్రం 2023 డిసెంబరులో బయటికి వచ్చింది. అవశేషం లోపలి గుల్ల అంచుల్లో పొగలా తెల్లగా అల్లుకున్నది సింక్రోట్రాన్ కాంతే. ఎలక్ట్రాన్లు చల్లారుతున్నట్లయితే ఆగ్నేయ మూలలో 4.44 నుంచి 1.62కు పోయేకొద్దీ గీత వేగంగా కుంగాలి. చల్లారడం లేకపోతే తిన్నగా పోవాలి.

వినడానికి తేలిక. కానీ 1.62 చిత్రంలో ఇనుము, సిలికాన్ గీతలు కలిసి ఉన్నాయి. 3.56లో వేడి ధూళి ఉంది. 4.44లో కార్బన్ మోనాక్సైడ్ ఉంది. మూడింట్లోంచీ మూడు రకాల తుక్కు వేరు వేరుగా తియ్యాలి, ఒక్కోదానికీ ఒక్కో కొలత పట్టుకుని. 1961లో కేజీఎఫ్ అడుగున కూర్చున్నవాళ్లకు రెండు నెలల్లో సున్నా వచ్చింది. ఇక్కడ ఏదీ సున్నా కాదు.